విత్తనాలకని రాయించిన అప్పు
(మండల సమాఖ్య మహాసభలో ఒక సంఘ నాయకురాలి ప్రసంగం)

పిల్లల ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పదో తరగతి చదివినదాన్ని, డాక్టరును కాను. మా ఇంట్లో జరిగింది చెప్తాను. అందులో నా తప్పు కూడా ఉంది.

కరోనాలో బడులు మూసినప్పుడు ఆన్‌లైన్ పాఠాలకని మా పెద్దోనికి ఫోను కొనిచ్చినాము. అప్పుడు వాడు ఏడో తరగతి. పాఠాలు అయిపోయినాయి, తుపాకులతో కాల్చుకునే ఆట మిగిలిపోయింది. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం కొన్ని ఆటల్ని నిషేధించిందంటే పీడ పోయిందనుకున్నా. వీడు వేరేది దించుకున్నాడు. తెల్లారుజామున మూడింటికి లేచి చూస్తే దుప్పటి కింద వెలుతురు. పళ్ళెంలో సంగటి ఎండిపోయేది. ఫోను లాక్కుంటే ఒకసారి గోడకేసి తల కొట్టుకున్నాడు. మా ఇంటాయన బెంగళూరులో బిల్డింగు పనికి పోయినాడు. నేనొక్కదాన్నే.

టౌనులో ఒకచోట ‘బ్రెయిన్ ట్రైనింగ్’ అని బోర్డు చూసినా. నలభై రోజులు మెదడుకు శిక్షణ ఇస్తే ఆటల పిచ్చి పోతుందన్నారు. పన్నెండు వేలు. సంఘంలో విత్తనాలకని చెప్పి అప్పు తీసుకున్నా. పంచసూత్రాలు మీకు చెప్పేది నేనే, పుస్తకం సరిగ్గా రాయాలనేది నేనే. పుస్తకంలో శనక్కాయ విత్తనాలని ఉంది, మా చేను బీడుగా ఉంది. దారిన పోయే వాళ్ళందరికీ కనపడుతుంది. నా మొకం చూసి ఎవరూ అడగలేదు.

ఆడ చేయించింది ఏమంటే, ట్యాబులో అంకెలు, బొమ్మలు గుర్తుపెట్టుకునే ఆటలు. వాడు అందులో ఫస్టు వచ్చినాడు. ఇంటికొచ్చి మళ్ళీ తుపాకీ పట్టుకున్నాడు.

తర్వాత ఆశా అక్క 14416 నంబరు ఇచ్చింది. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్రం పెట్టింది. డబ్బులు లేవు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. వాళ్ళు చెబితే పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి పోయినాము. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత చెప్తాను. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుల పట్టీలో చేర్చింది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆడే ప్రతి పిల్లోనికీ జబ్బు కాదు. ఆపుకోలేకపోవాల, తిండీ నిద్రా చదువుకంటే ఆటే ముందు కావాల, నష్టం కనపడుతున్నా వదలకుండా ఉండాల. మామూలుగా ఏడాదిపాటు ఇట్లుంటేనే జబ్బంటారు.

మరి బ్రెయిన్ ట్రైనింగ్ అంతా మోసమేనా సార్ అని అడిగినా. కాదన్నాడు. జర్మనీలో తాగుడు మానాలని చేరినోళ్ళకు తెర మీద మందు బొమ్మ వస్తే జాయ్‌స్టిక్‌తో దూరం తోసేటట్లు మళ్ళీ మళ్ళీ చేయించినారంట. మామూలు వైద్యంతో పాటు అదీ చేసినోళ్ళలో ఏడాది తర్వాత మళ్ళీ తాగినోళ్ళు తక్కువ. 2011లో అచ్చయింది. ఫోను ఆటల మీద అట్లాంటి పరీక్షలు ఇంకా చిన్నవే. జ్ఞాపకశక్తి ఆటలు వేరే సంగతి, వాటితో ఆ ఆటలోనే చెయ్యి తిరుగుతుంది. అమెరికాలో అట్లాంటివి అమ్మే ఒక కంపెనీ, రుజువు లేని గొప్పలు చెప్పినందుకు 2016లో ఇరవై లక్షల డాలర్లు కట్టింది. నా పన్నెండు వేలు గుర్తొచ్చినాయి.

ఆయన మావానికి ఇచ్చింది ఒక నోటుబుక్కు. ఆడాలనిపించినప్పుడు టైము, దానికి ముందు ఏం జరిగింది, పది నిమిషాలు ఓర్చుకుంటే ఏమైంది, రాయాల. నాకూ పని పెట్టినాడు. లాక్కోవద్దు, తిట్టొద్దు, రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఫోన్లన్నీ వంటింట్లో పెట్టాల, నాది కూడా. అదే కష్టమైంది, నిజం చెప్తున్నా. ఆటలో నీకేం దొరుకుతుందిరా అని అడిగితే మావాడు, ‘ఆడ నన్ను పేరు పెట్టి పిలుస్తారు సార్’ అన్నాడు. నేను బయటికొచ్చి ఏడ్చినా.

బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోను, ఆటల వ్యసనానికే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ ఉంది. మాకు అంతదూరం పోయే పని పడలేదు. పడితే మీరు పోండి.

సంఘంలో నిజం చెప్పినా. రూలు ప్రకారం వంద రూపాయలు జరిమానా వేసినారు, కట్టినా. మీటింగు అయినాక ఇద్దరు ఆగిపోయినారు. ఒకామెకు కొడుకు, ఇంకొకామెకు మొగుడు. ఆయనది ఆన్‌లైన్ రమ్మీ. మన రాష్ట్రంలో 2020లోనే దాన్ని నిషేధించినా ఆయన ఆట ఆగలేదు. ఆ నెల నుంచి మా పుస్తకంలో ‘పిల్లోని మనసు వైద్యం’ అని ఉన్నదున్నట్లు రాసి అప్పు ఇస్తున్నాము. అన్ని గ్రామ సంఘాలూ అట్లా తీర్మానం చేయాలని సమాఖ్యను అడుగుతున్నా.

మావాడు ఈ ఏడు పదో తరగతి పరీక్ష రాసినాడు. పోయిన నెల రెండు రాత్రులు మళ్ళీ ఆడినాడు, వాడే చెప్పినాడు. నోటుబుక్కు మళ్ళీ తీసినాము. అప్పు ఇంకా మూడు కంతులు ఉంది.