స్టేటస్ బారు - మౌసు మీటలు

రేడియో పెట్టెకు ధ్వనిని హెచ్చించు మర యొకటి, స్టేషను మార్చు మర యొకటి వేరువేరుగా నుండును. చేయి అలవాటు పడిన పిమ్మట చీకటిలో నైనను తడబడదు. కంప్యూటరు తెర అంచున గడియారమును, బ్యాటరీని, ధ్వనిని చూపు సన్నని పట్టీకి స్టేటస్ బారు అని పేరు. లినక్సు వాడువారు ఆ పట్టీలోని ఏ గురుతుపై మౌసు ఏ పని చేయవలెనో తామే నిర్ణయించుకొనవచ్చును. ఆ నిర్ణయము ఎట్లు చేయవలెనన్నదే నేటి ప్రసంగ విషయము.

మౌసు చక్రము కూడ మీటగనే లెక్కకు వచ్చును. ఎక్స్ విండో పద్ధతిలో ఎడమ మీట 1, నడిమి మీట 2, కుడి మీట 3. చక్రము పైకి ఒక మెట్టు తిరిగిన 4వ మీటను, క్రిందికి తిరిగిన 5వ మీటను నొక్కినట్లు. ఐ3బ్లాక్స్ అను సాధనము ఈ అంకెను 'బ్లాక్_బటన్' అను పేర మన స్క్రిప్టునకు అందించును. వేలాండ్ పద్ధతికి చెందిన వేబారులో అంకెలకు బదులు ఆన్-క్లిక్, ఆన్-క్లిక్-రైట్, ఆన్-స్క్రోల్-అప్, ఆన్-స్క్రోల్-డౌన్ అను పేర్ల యెదుట ఆజ్ఞలు వ్రాయవలెను.

వ్రాయుట సులభము, పంపకమే కష్టము. చక్రము తెలియకయే తిరుగును. కావున వెనుకకు త్రిప్పి సరిదిద్దుకొనదగిన పనులను, అనగా ధ్వని, తెర వెలుతురు వంటివానిని, దానికి ఒప్పగింపవలెను. ఎడమ మీటకు నిత్యము కావలసిన పనిని, కుడి మీటకు అరుదైన పనిని ఈయవచ్చును. కంప్యూటరు నార్పుట వంటి పనిని ఒక్క నొక్కునకు అప్పగింపరాదు. భద్రపరచని వ్రాతయంతయు క్షణములో పోవును. నొక్కినపుడు ముందుగా ఒక ప్రశ్న తెరపై కనబడునట్లు ఏర్పాటు చేయవలెను.

ధ్వని విషయమున మరియొక జాగ్రత్త గలదు. వేబారు ధ్వని భాగము మనము చెప్పకయే చక్రమునకు లోబడును. మెట్టునకు 1 శాతము మారును, 100 శాతము దాటదు. ఆన్-స్క్రోల్-అప్ ఎదుట సొంత ఆజ్ఞ వ్రాసినచో ఆ సహజగుణము తొలగి మన ఆజ్ఞయే చెల్లును. అందులో డబ్ల్యుపిసిటిఎల్ అను సాధనమును పరిమితి లేక వాడినచో ధ్వని 100 శాతమును మించిపోగలదు. హెడ్‌ఫోను ధరించినవారి చెవులకు ఇది హానికరము. టచ్‌ప్యాడుపై వ్రేలు జారినంతనే పెక్కు మెట్లు దాటుచున్నచో స్మూత్-స్క్రోలింగ్-త్రెషోల్డ్ అను అంకెను పెంచవలెను.

ఇంటిలో ఒకే కంప్యూటరును నలుగురు వాడుదురు. పట్టీపై నున్న గురుతు తనలోని ఆజ్ఞలను చెప్పదు. మౌసును దానిపై నిలిపినపుడు కనబడు టూల్‌టిప్‌లో ఏ మీట ఏమి చేయునో తెలుగులో రెండు మాటలు వ్రాసియుంచుడు. చక్రము త్రిప్పలేని వ్రేళ్లవారి కొరకు అవే పనులను కీబోర్డుపై కూడ అమర్చుడు. అప్పుడా పట్టీ ఇంటిల్లిపాదికి ఉపకరించును.