అక్వేరియం చేపను కాలువలో వదలొద్దు

(మండల రైతు సమావేశంలో చేసిన ప్రసంగం)



మేత ధర, కరెంటు చార్జీల గురించి మాట్లాడుకోవాల్సిన చోట ఇళ్లలో పెట్టుకునే గాజు తొట్టి గొడవేమిటని కొందరికి అనిపించవచ్చు. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా కాలువల కింద చెరువులు చేసే మనకు ఇది పరాయి సంగతి కాదు. వల లాగితే బొచ్చె, శీలావతులతోపాటు ఒళ్లంతా మచ్చలతో, ముట్టుకుంటే గరగరలాడే చేప పడుతోంది. పత్రికలవాళ్లు డెవిల్ ఫిష్ అని రాస్తున్నారు, మనం దెయ్యం చేప అంటున్నాం. దాని సొంత గడ్డ దక్షిణ అమెరికా. అక్కడి నుంచి ఈదుకుంటూ రాలేదు. అద్దానికి పట్టిన పాచి తింటుందని అక్వేరియం షాపుల్లో వేలెడంత పిల్లగా అమ్ముతారు. అది అడుగు దాటి పెరుగుతుంది. తొట్టిలో పట్టదు, చంపడానికి చేతులు రావు. తీసుకెళ్లి కాలువలో వదిలేస్తారు. పుణ్యం చేశామనుకునేవాళ్లూ ఉన్నారు! అలంకార చేపలు పెంచే చోట్ల నుంచి వరదలో కొట్టుకొచ్చినవీ ఉంటాయి.

ఇక నష్టం మనది. దానికి పొలుసులకు బదులు ఎముక పలకలు, రెక్కలకు ముళ్లు. చిక్కుకుంటే వల కోస్తే తప్ప రాదు. గట్లకు బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. మన చేపలు తినాల్సిన అడుగు మేత అది తింటుంది. కొనే నాథుడు లేడు. గట్టు మీద పారేసినా గాలి పీల్చుకుంటూ గంటల తరబడి బతుకుతుంది, కాబట్టి నీటికి దూరంగా గొయ్యి తీసి పూడ్చాలి. తూర్పు కనుమల ప్రాంత జలాశయాల్లో ఇది బాగా వ్యాపించిందని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏను పరీక్షించి చెప్పారు.

అలాగని పిల్లలు చేపలు పెంచుకోకూడదని మేం అనడం లేదు. చెరువు చేసే ఇంట్లో అక్వేరియం పాడవడమే విడ్డూరం. మేత ఎక్కువైతే అమ్మోనియా పెరగడం, చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం మనకు తెలిసినవే. తొట్టి కూడా అంతే, కాకపోతే నీరు తక్కువ కాబట్టి దెబ్బ తొందరగా తగులుతుంది. అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఫిల్టరులో నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్న రోజే ఇరవై చేపలు వేస్తే చావక ఏం చేస్తాయి? మొదట రెండు మూడు వేసి, నెల ఆగి మిగతావి వేయండి. రెండు మూడు నిమిషాల్లో తినేసేంత మేతే చాలు. వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చండి, మొత్తం పారబోయకండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బకెట్లో ఒక రోజు తెరిచి ఉంచి పోయండి. ఫిల్టరు స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. కుళాయి కింద కడిగితే ఆ బ్యాక్టీరియా పోతుంది. మన బోరు నీళ్లు గట్టివైనా గప్పీలు, మోలీలు తట్టుకుంటాయి. పాచి గీకడానికి చేప అక్కర్లేదు, స్పాంజి ముక్క చాలు.

గప్పీలు నెలనెలా పిల్లలు పెడతాయి. అవి ఎక్కువైనా కాలువలో వేయకూడదు, తెలిసినవాళ్లకివ్వండి. (దోమల కోసం వదిలే గంబూసియా కూడా బయటిదే. దాని సంగతి మరోసారి.)

అమ్మేవాళ్లకూ బాధ్యత ఉంది. ఈ చేప ఎంత పెరుగుతుందో షాపులో బోర్డు పెట్టాలి, పెరిగినదాన్ని వెనక్కి తీసుకోవాలి. మత్స్యశాఖ దీని అమ్మకాన్ని ఆపాలి, చిరిగిన వలలకు పరిహారం లెక్కగట్టాలి. ఉత్తి నోటిమాట మీద అధికారులు కదలరు. అందుకే ఈ నెల పట్టుబడిలో ఏ చెరువులో ఎన్ని దెయ్యం చేపలు పడ్డాయి, ఎన్ని వలలు పోయాయి అన్నది తేదీలతో రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. ఆ కాగితాలన్నీ కలిపి జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ఇద్దాం.