పొరుగువారికిచ్చిన మాట



యూరప్ దేశాల విదేశాంగ నీతి మనబోటి విశ్రాంత ఉద్యోగులకెందుకని కొందరికి తోచవచ్చు. కాని ఫైలుమీద కొర్రీ పడితే ఏమవుతుందో మనకు తెలిసినంతగా మరెవరికి తెలుసు? అటువంటి ఫైలు ఒకదాని చరిత్ర ఈనాడు మనవి చేస్తాను.

యుగోస్లావియా చీలిపోగా 1991లో మాసిడోనియా స్వతంత్ర దేశమైంది. 2003లో యూరోపియన్ యూనియన్ నాయకులు గ్రీసులోని థెస్సలోనికిలో సమావేశమై, బాల్కన్ దేశాల భవిష్యత్తు తమ కూటమిలోనే ఉందని ప్రకటించారు. 2005లో మాసిడోనియాకు అభ్యర్థి హోదా లభించింది. చేరిక చర్చలు ప్రారంభించవచ్చునని 2009లో యూరోపియన్ కమిషన్ సిఫారసు కూడా చేసింది.

అక్కడ పడింది మొదటి కొర్రీ. మాసిడోనియా అనేది తమ ఉత్తర ప్రాంతం పేరు గనుక ఆ దేశం పేరు మార్చుకోవాలని గ్రీసు పట్టుబట్టింది. కూటమిలో ఇటువంటి నిర్ణయాలకు సభ్యులందరి సమ్మతి ఉండాలి. ఒక్కరు కాదన్నా ఫైలు కదలదు.

చివరికి 2018 జూన్‌లో ప్రెస్పా సరస్సు ఒడ్డున రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. 2019 ఫిబ్రవరిలో ఆ దేశం ఉత్తర మాసిడోనియా అయింది. ఒక జాతి తన పేరునే వదులుకోవడం సామాన్య విషయం కాదు.

దానికి ప్రతిఫలమేమిటి? అదే ఏడాది అక్టోబరులో, కొత్తవారిని చేర్చుకునే పద్ధతినే ముందు సంస్కరించాలని ఫ్రాన్స్ అడ్డుపడింది. 2020 మార్చిలో ఆ చిక్కు వీడింది. నవంబరులో బల్గేరియా భాష, చరిత్ర వివాదాలు లేవనెత్తి మళ్ళీ ఆపింది. 2022 జూలైలో చర్చలు లాంఛనంగా మొదలైనా, రాజ్యాంగంలో బల్గేరియన్లను పేర్కొనాలన్న షరతు వచ్చిపడింది. ఆ షరతుకు ససేమిరా అన్న పక్షమే 2024 ఎన్నికలలో గెలిచింది.

కూటమి వైపునా న్యాయం లేకపోలేదు. న్యాయవ్యవస్థ, అవినీతి విషయాలలో జాగ్రత్తపడటం వారి హక్కు. ఒకసారి లోపలికి వచ్చాక సరిదిద్దడం ఎంత కష్టమో హంగేరీ విషయంలో వారు చూశారు. కాని బల్గేరియా కొర్రీ వీటికి సంబంధించినది కాదు.

అసలు లోపం ఇది: మాట ఇచ్చేది కూటమి, కాదనే అధికారం ఒక్కొక్క సభ్యునిది. అడిగినదల్లా ఇచ్చిన నాయకుడు స్వదేశంలో చులకనవుతాడు. అది చూసిన పక్కదేశం నాయకుడు రాజీకి సాహసించడు. 2022లో ఉక్రెయిన్, మోల్డోవాలకూ అభ్యర్థి హోదా ఇచ్చారు. ఉత్తర మాసిడోనియాకు జరిగినది చూస్తే, ఆ హోదాను వారెంతవరకు నమ్మాలి?

నా మనవి ఒక్కటే. తుది చేరికకు ఏకగ్రీవం ఉండనివ్వండి; మధ్య దశలను మెజారిటీతో తేల్చండి. పాత షరతు నెరవేరాక కొత్త షరతు పెట్టకండి. కొర్రీలన్నీ ఒకేసారి రాయాలని మన ఆఫీసులలో పాత సూపరింటెండెంట్లు చెప్పేవారు. ఆ మర్యాద దేశాల మధ్యనూ చెల్లుతుంది.