వెంట వచ్చినవాళ్లు బయట కూర్చోవాలి: అధ్యక్షోపన్యాసం

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో కౌన్సెలింగ్ అనే మాటకు వాడుకలో నాలుగు అర్థాలున్నాయి. ఇంజనీరింగ్, మెడికల్ సీట్ల కేటాయింపు ఒకటి. ఉపాధ్యాయుల బదిలీలు రెండు. పోలీసులు రౌడీషీటర్లను స్టేషన్‌కు పిలిపించి, వరుసగా నిలబెట్టి చేసే హెచ్చరిక మూడు. మనసు బాగాలేని మనిషి చెప్పేది మరొకరు కూర్చుని వినడం నాలుగోది. అన్నిటికన్నా వెనక వచ్చింది. మొదటి మూడింటిలో మాట చెల్లేది బల్లకు అవతల ఉన్న అధికారిది. నాలుగోదానిలో మాట్లాడవలసింది ఇవతలివాడు. అయినా తెలుగులో క్రియ మారలేదు. సలహా, వార్నింగు, కౌన్సెలింగు మూడూ 'ఇచ్చేవే'. కౌన్సెలర్ల నీతి నియమాల మీద వెలువడే తెలుగు వ్యాసాలు ఈ క్రియను దాటేసి నేరుగా గోప్యత దగ్గరికి వెళ్లిపోతాయి. చిక్కు అంతకు ముందే పడి ఉంది.

ఆ చిక్కు ఇది: క్లయింట్ ఎవరు? వకీలు దగ్గర ఈ ప్రశ్న రాదు. ఫీజు ఎవరు కట్టినా వకాలత్ మీద సంతకం పెట్టినవాడే పార్టీ. కౌన్సెలర్ గదిలో ఫీజు కట్టేది ఒకరు, కుర్చీలో కూర్చునేది ఇంకొకరు. ఈ ప్రాంతంలో మనిషి తనంతట తాను రావడం తక్కువ, తీసుకొస్తారు. ఇంటర్ చదివే పిల్లవాణ్ణి తండ్రి తీసుకొస్తాడు, కోడలిని అత్త తీసుకొస్తుంది, మొగుడూ పెళ్లాల తగాదాను స్టేషన్‌వారు పంపిస్తారు. వచ్చీరాగానే నోరు విప్పేది తీసుకొచ్చినవారే. "వీడికి కాస్త బుద్ధి చెప్పండి సార్" అన్న మాటతో పని మొదలవుతుంది. ఆ మాటకు తలూపిన కౌన్సెలర్ గోప్యతను ఇక కాపాడలేడు. ఎవరి రహస్యాన్ని ఎవరి నుంచి కాపాడాలో తేల్చుకోకుండానే ఒక పక్షం చేరిపోయాడు. కనుక మొదటి బాధ్యత చాలా చిన్నది: వెంట వచ్చినవారి మాట మర్యాదగా విని, వాళ్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తలుపు వేయడం. పాఠ్యపుస్తకాలు దీన్ని చెప్పవు. అవి ఒంటరిగా వచ్చే క్లయింట్ ఉన్న దేశాల్లో రాసినవి.

ఈ విషయంలో చట్టం కుటుంబం కన్నా ముందుంది. 2018 మే 29న అమలులోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్లో గోప్యతను ఆ మనిషి హక్కుగా రాసింది. 25వ సెక్షన్ ప్రకారం వైద్య రికార్డు చూసే హక్కు అతనిదే. 14వ సెక్షన్ కింద మేజరు తన ప్రతినిధిని తానే పేర్కొనవచ్చు. మైనరు విషయంలో మాత్రం ఆ స్థానం సంరక్షకులది. అంటే ఇరవై ఏళ్ల కొడుకు ఫైలు అడిగే తండ్రికి, ఆ కొడుకు ఒప్పుకోనిదే, "లేదు" అని చెప్పాలి. డబ్బు కట్టిన తండ్రికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో ఈ వృత్తిలో ఉన్నవారికి తెలుసు.

అదే చట్టం 'మానసిక ఆరోగ్య నిపుణుడు' అన్న నిర్వచనంలో సైకియాట్రిస్టును పేర్కొంది. క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ నర్సు, సోషల్ వర్కర్ నమోదుకు దారి చూపింది. కౌన్సెలర్ అన్న మాట అందులో లేదు. క్లినికల్ సైకాలజిస్టుల నమోదు 1992 పునరావాస మండలి చట్టం కింద సాగుతోంది. కౌన్సెలర్లను వృత్తుల జాబితాలోకి తెచ్చింది 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం. ఈ సందుల్లోంచే కొద్ది వారాల సర్టిఫికెట్లూ, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలూ, బస్టాండు దగ్గర బోర్డులూ పుట్టుకొచ్చాయి. వేదికల మీద 'నా దగ్గరికి వచ్చిన ఒక కేసు' అంటూ ఊరు, వయసు, చదివే కాలేజీ చెప్పి, పేరొక్కటి దాచి, సభను నవ్వించే పెద్దలు ఈ రంగంలో తక్కువేమీ కాదు. ఆళ్లగడ్డ లాంటి ఊళ్లో ఆ మూడూ చెప్పాక పేరు దాచి ప్రయోజనం లేదు.

రహస్యానికి హద్దులెక్కడ అన్నది రెండో ప్రశ్న. దీని మీద సదస్సు జరిగితే టారసాఫ్ కేసు రాక తప్పదు. 1969లో కాలిఫోర్నియాలో టటియానా టారసాఫ్ అనే విద్యార్థినిని చంపిన ప్రసెంజిత్ పొద్దార్ ఆ ఉద్దేశాన్ని ముందే థెరపిస్టుకు చెప్పాడు. ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టుకు ఉందని 1976లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నిందితుడు భారతీయుడన్న సంగతిని ప్రతి వక్తా కొత్త విషయంలా చెబుతాడు. మంచి కేసే. అయితే కాలిఫోర్నియా దాకా వెళ్లేవారు నంద్యాల ప్రభుత్వాసుపత్రి వరండా దాకా రావడం అరుదు. ముఠా కక్షలు చూసిన పల్లెల్లో "వాణ్ణి వదలను" అన్న మాట కోపమా, పథకమా అని తేల్చుకోవలసిన అవసరం ఇక్కడి కౌన్సెలర్‌కు కాలిఫోర్నియా తీర్పు చదవకుండానే వస్తుంది. 23వ సెక్షన్ అందుకు దారి ఇచ్చింది: మరొకరిని హాని నుంచి కాపాడటానికి సమాచారం వెల్లడించవచ్చు, ఆ హానిని ఆపడానికి అవసరమైనంత మేరకే. మొత్తం ఫైలు స్టేషన్‌లో పెట్టమని దాని అర్థం కాదు.

నిజానికి తెలుగు నేల మీద కౌన్సెలింగ్ నీతిని పరీక్షించినది హెచ్ఐవీ. ఎక్కువ కేసులున్న రాష్ట్రాల్లో ఒకటైన ఆంధ్రప్రదేశ్‌లో, మొదట వీసీటీసీ అనీ తరువాత ఐసీటీసీ అనీ పిలిచిన హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రాల్లో, కాంట్రాక్టు జీతం మీద పనిచేసిన కౌన్సెలర్లు ఆ ప్రశ్నను రోజూ ఎదుర్కొన్నారు. భర్తకు పాజిటివ్; భార్య బయట బెంచీ మీద ఉంది. చెప్పాలా, వద్దా? 1998లో సుప్రీంకోర్టు, ఒక ఆసుపత్రి మీద వచ్చిన కేసులో, పెళ్లాడబోయే స్త్రీ ఆరోగ్య హక్కు రోగి గోప్యత కన్నా బరువైనదని చెప్పింది. 2018 సెప్టెంబరు 10న అమలైన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 9వ సెక్షన్ దాన్ని పద్ధతిలో పెట్టింది. భాగస్వామికి చెప్పే అధికారం డాక్టరుకూ కౌన్సెలర్‌కూ తప్ప మరెవరికీ లేదు. అవతలివారికి నిజమైన ప్రమాదం ఉండాలి. నువ్వే చెప్పమని ముందు నచ్చజెప్పాలి. అతను చెప్పడని తేలాలి. ఇక నేను చెబుతానని అతనికే తెలపాలి. అప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి, కౌన్సెలింగ్ చేసి, చెప్పాలి. పాజిటివ్ అయినది స్త్రీ అయి, చెబితే కొడతారనో వదిలేస్తారనో సహేతుకమైన భయం ఉంటే, భర్తకు చెప్పనే కూడదు. కౌన్సెలర్ అన్న మాట పెట్టి, మెట్టు మెట్టుగా రాసిన ఈ సెక్షన్ ప్రతి మనస్తత్వశాస్త్ర తరగతిలో పాఠం కావలసింది. టారసాఫ్‌ను కంఠతా చెప్పే ఆచార్యుల్లో దీన్ని చదివినవారు కొద్దిమంది.

మైనర్ల దగ్గర హద్దు మరింత కటువైనది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద శిక్షార్హం. ఇంటర్ హాస్టల్ పిల్లలు పదహారు, పదిహేడేళ్లవారు. "ఏం చెప్పినా ఎవరికీ చెప్పను తల్లీ" అని మాటిచ్చి, అంతా విన్నాక చట్టం గుర్తుకు తెచ్చుకోవడం నమ్మకద్రోహమే. హద్దు ఏమిటో ఆ పిల్లకు అర్థమయ్యే తెలుగులో మొదటే చెప్పాలి. ఇంగ్లీషు ఫారం మీద సంతకం పెట్టించుకోవడం చెప్పినట్టు కాదు.

క్లయింట్‌తో లైంగిక సంబంధం కూడదన్న నియమంపై చర్చించడానికేమీ లేదు. తెలిసినవారిని క్లయింట్లుగా తీసుకోరాదన్న నియమం మాత్రం నగరాలది. ఆళ్లగడ్డలో తెలియనివారు దొరకరు. నాలుగు మాటలు కలిపితే వరస తేలుతుంది. ఇక్కడ నియమం వేరే రూపంలో ఉండాలి: పెళ్లి పందిట్లోనో, అహోబిలం తిరునాళ్లలోనో కనబడితే ముందు తాను పలకరించకపోవడం, ఇంటి అప్పులూ సంబంధాలూ మాట్లాడే పంచాయితీల్లో కూర్చోకపోవడం. కొత్త పంట రాగానే రైతు తెచ్చే సోనామసూరి బస్తా సంగతి ఇంకా తేలలేదు. తీసుకుంటే ఋణం, వద్దంటే అవమానం. బస్తా వెనక్కి పంపి, ఒక శేరు బియ్యం ఉంచుకున్నవారిని తప్పు పట్టలేం.

2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్ అనే ఫోను కౌన్సెలింగ్ సేవకు, దాని 14416 నంబరుకు, వెంట వచ్చేవారి బెడద లేదనుకున్నారు. ఇంటికి ఒకటే ఫోనున్న పల్లెలో ఆ ఫోను అత్త చేతిలో ఉంటుంది. ఒంటరిగా ఉన్నారా అన్నది అక్కడ కూడా మొదటి ప్రశ్నే.

ఐసీటీసీల్లో తొలినాళ్లలో చేరిన కౌన్సెలర్లు ఇప్పుడు పదవీ విరమణకు దగ్గరపడ్డారు. వాళ్ల అనుభవం పుస్తకాల్లోకి ఎక్కింది తక్కువ. క్లయింట్ల ఆనవాళ్లేవీ రాకుండా దాన్ని సేకరించే పనికి ఈ సదస్సు ప్రతినిధులు పూనుకోవాలి. వెంట వచ్చినవాళ్లను గదిలోంచి బయటికి ఏ మాట చెప్పి పంపించగలిగారో, ముందుగా అది అడిగి రాసుకోవాలి.