మా వైపు గానుగ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాది పావగడ తాలూకా మంగళవాడ. జిల్లా తుమకూరే అయినా, తాలూకాకు మూడు వైపులా ఆంధ్రసీమే. అందుచేత మా వైపు ఒకే వస్తువును కన్నడంలో గాణ అనీ, తెలుగులో గానుగ అనీ అంటాము. గానుగెద్దులాగ తిరుగుతున్నామని ఆఫీసులలో మనమందరం అనుకొనేవాళ్లమే. మరి ఆ గానుగను చూచిన పిల్లలు మనలో ఎందరున్నారు?

వానలు తక్కువ గనుక మా వైపు చెనిక్కాయ పంటే ముఖ్యం. గానుగకు భూమిలో పాతిన రోలు ఒకటి, రాతిదో కొయ్యదో. అందులో ఏటవాలుగా నిలిచిన రోకలి. రోకలి తలకు బిగించిన బల్ల, దానిమీద బరువుకు రాళ్లు. తోలేవాడు కూడా ఆ బల్లమీదనే కూర్చునేవాడు. కళ్లకు గంతలు కట్టిన ఎద్దు చుట్టూ తిరుగుతుంటే, రోకలి పప్పును రోటి గోడకు అదిమి నలిపేది. పప్పు పొడి అయిన తరువాత కొంచెం నీళ్లు చిలకరించేవారు. నూనె తీయడానికి నీళ్లెందుకంటారేమో! ఎండుపప్పు ఊరకే నలిగితే నూనెను సరిగా వదలదు. తడి తగిలితే పిండి ముద్దకట్టి, నూనె విడివడుతుంది. నీళ్లు ఎక్కువైనా చేటే. ఆ పాలు చేతికి తెలియడమే గాండ్లవారి విద్య.

మధ్యధరా సముద్రతీర దేశాలవారికి ఈ చిక్కు లేదు, ఆలివు కాయలో నీరు సహజంగానే ఉన్నది. వారు పశువు చేత రాతిచక్రం తిప్పించి కాయలను గింజలతో సహా నలిపి, ఆ ముద్దను అల్లిన చాపలమీద పరచి, దొంతరగా పేర్చి, పెద్ద దూలంతో అదిమేవారు. కారిన నీటిపై తేరిన నూనెను ముంచి తీసుకొనేవారు. మన గానుగలో నలపడం, పిండడం ఒక్క రోటిలోనే జరుగుతాయి. అందుకు మాకు కొంచెం గర్వమే.

మిల్లు ఎక్కువ నూనె పిండుతుంది, నిజమే. గానుగ చెక్కలో మిగిలిన నూనె మాత్రం వృథా పోలేదు, పాడిపశువుల కడుపులోకి పోయేది. గాంధీగారు 1934లో స్థాపించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం వార్ధాలోని మగన్‌వాడిలో గానుగను బాగుచేయ పూనుకొన్నది. అయినా ఎద్దు గానుగలు మిల్లు పోటీకి నిలువలేకపోయాయి.

ఇప్పుడు పట్టణాలలో మోటారుతో తిరిగే కొయ్యగానుగలు వచ్చాయి. కొనేముందు మన గుమాస్తా లెక్క ఒకటి వేసుకోవాలి. లీటరు నూనెకు సుమారు 2.5 కిలోల పప్పు కావాలి. చెక్క అమ్మిన సొమ్ము కొంత కలిసివస్తుందనుకొన్నా, ఆ పప్పు వెలకంటే బాగా చవకగా ఇస్తుంటే సందేహించవలసినదే. బూజు పట్టిన పప్పు ఆడిస్తే దాని విషం నూనెలోకి దిగుతుంది, వడగట్టినా పోదు. కాబట్టి మన నాలుగిళ్లవారం కలిసి మంచి పప్పు తీసుకొనిపోయి, ఎదుట నిలబడి ఆడించుకొందాము. చెక్కను అక్కడ వదలి రాకండి, అమ్మా. కుండీలలో మొక్కలకు పనికివస్తుంది.