పరాయి మైదానంలో మన జట్టు



ఉగాదిపూట ఫుట్‌బాలు గొడవేమిటని పెద్దలు కోపగించకండి. హైదరాబాదు శ్రీనిధి దక్కన్ జట్టు 2021లో ఐ-లీగులో ప్రవేశించింది మొదలు మేము కొందరం దాని వెంట తిరుగుతున్నాం. బళ్ళారినుండి హైదరాబాదుకైనా, బెంగుళూరుకైనా రాత్రంతా ప్రయాణమే. అక్కడ మమ్మల్ని కన్నడంవాళ్ళంటారు, ఇక్కడ ఆంధ్రావాళ్ళంటారు. 1953లో ఈ ఊరు మైసూరులో కలిసిననాటినుండీ మనకు అలవాటైన మాటే. అందుచేత మాకు ప్రతి మైదానమూ పరాయిదే.

1950నుండి 1954వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు పోలీసు జట్టు సంగతి తాతలు చెబుతూంటే మాకు అసూయ. మన శ్రీనిధి 2022-23లోనూ, 2023-24లోనూ రెండవ స్థానంలోనే ఆగింది. పై లీగుకు వెళ్ళేది మొదటి జట్టు ఒక్కటే! ఒకసారి పంజాబూ, మరొకసారి కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగూ వెళ్ళాయి. తిరుగుప్రయాణంలో ఎవరూ మాట్లాడరు.

2024లో ఎస్.సి. బెంగుళూరు కూడా ఐ-లీగుకు వచ్చింది. దానితో ఇల్లు రెండు పక్షాలయింది. ఇక్కడే పుట్టి కన్నడ బడిలో చదివే మా పిల్లలు ఆ జట్టువారయ్యారు. వాదించి చూశాం, లాభం లేదు. బెంగుళూరులో ఆట చూడబోయి వాళ్ళు ఆ వైపూ, మేము ఈ వైపూ కూర్చున్నాం. పులిహోర పొట్లాలన్నీ మా సంచిలోనే ఉండడంవల్ల విరామంలో మాత్రం వాళ్ళే ఇటు వచ్చారు.