బంకమన్నా, ఉప్పునీరా?
(ద్రాక్షారామమున చేసిన ఉపన్యాసము)



భీమేశ్వరుని సన్నిధిని, సప్తగోదావరి చెంత నిలిచి నీటిని గూర్చి మాటలాడుటకు మాకు మొదట సంకోచము కలిగినది. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన నాటినుండి కాలువలు పారుచున్న సీమకు నీటిచింత యేమని మీరడుగవచ్చును. కాలువలు కట్టివేసిన వేసవి దినములలో త్రాగునీటికై మన ఆడపడుచులు పడు పాట్లే అందుకు ప్రత్యుత్తరము.

మేము వృత్తిచేత న్యాయవాదులము, జలరక్షణోద్యమమున స్వచ్ఛందసేవకులము. కొన్నియేండ్ల క్రిందట ఈ డెల్టాలోనే యొక గ్రామమువారు చందాలు పోగుచేసి బోరు వేయించిరి. పరీక్షకు వచ్చినవాడు భూమిలోనికి విద్యుత్తు పంపి చూచి, "ఇది బంకమన్ను; దీని క్రింద మంచినీరున్నది" అనెను. బోరు దిగినది; పైకి వచ్చినది ఉప్పునీరు. ఏడాది తిరుగక ముందే ప్రక్కనున్న తియ్యనీటి బావియు చప్పబడి, పిదప ఉప్పనైనది. వ్యాజ్యము వేయుదమని వారు మాయొద్దకు వచ్చిరి. కాగితములు చదువగా, ఆ పరీక్షకుడు అబద్ధమాడలేదని మాకు తోచినది. అతడు సాక్షిని సగము ప్రశ్నలు మాత్రమే అడిగెను.

ఆ సగము పరీక్ష యిట్టిది. రెండు ఇనుపకమ్ములు నాటి భూమిలోనికి విద్యుత్ప్రవాహము పంపుదురు. వేఱు రెండు చోట్ల దాని యొత్తిడిని కొలిచి, భూమి ఎంతగా అడ్డగించినదో లెక్కకట్టుదురు. మంచినీరు గల ఇసుక బాగుగ అడ్డగించును. ఉప్పునీరు గల ఇసుక అడ్డగింపదు. బంకమన్నును అడ్డగింపదు! డెల్టాలో చిక్కంతయు ఇక్కడనే యున్నది. ఉప్పును మన్నని భ్రమించిన, పైనున్న మంచినీరు చెడును. మన్నును ఉప్పని భ్రమించిన, అడుగున నున్న మంచినీటిని విడిచి ఇల్లు చేరుదుము.

రెండవ ప్రశ్న కలదు. దానికి ప్రేరిత ధ్రువణమని పేరు. ప్రవాహమును ఆపివేసిన పిమ్మట యేమి జరుగునో చూచుటయే అది. గంట కొట్టి చేయి తీసినను నాదము కొంతసేపు నిలుచునట్లు, కొన్ని నేలలలో ఆ యొత్తిడి వెంటనే చావక, కొన్ని క్షణములు క్రమముగ క్షీణించును. బంకమన్ను రేణువుల మీద ఋణవిద్యుత్తు ఉండును. ఇఱుకు సందులలో విద్యుత్కణములు ఒకచోట గుమిగూడి, ప్రవాహము ఆగగనే యథాస్థానమునకు మఱలును. ఆ తిరుగుప్రయాణమే మనకు వినవచ్చు నాదము. శుభ్రమైన ఇసుకలోని ఉప్పునీటిలో కణములకు అడ్డులేదు గనుక నాదము దాదాపు శూన్యము. నీటి యన్వేషణకు ఈ పద్ధతిని వాకియే మొదలగువారు 1957లోనే ప్రయోగించి ప్రకటించిరి.

ఈ విద్య పుట్టినది నీటికొఱకు కాదు, గనులకొఱకు. ఫ్రాన్సు దేశీయుడగు కాన్రాడ్ ష్లంబర్జర్ 1920లో తన గ్రంథమున దీనిని వర్ణించెను. గంధకముతో కూడిన రాగి, సీసపు ఖనిజములు రాతిలో చెదరియున్నను బిగ్గరగ మ్రోగును. అయితే గ్రాఫైటును అట్లే మ్రోగును. మన తూర్పుకనుమల ఖొండలైటు రాళ్లలో గ్రాఫైటు విరివిగ నున్నది. రంపచోడవరపు కొండలలో మ్రోగినదెల్ల రాగియే యనుకొన్నవాడు నష్టపోవును. అందుచేత నాదమెంత యని మాత్రమే గాక, ఎంత త్వరగ తగ్గినదని కూడ అడుగవలెను. పెల్టన్ మున్నగువారు 1978లో పెక్కు పౌనఃపున్యములతో కొలిచి, రేణువుల పరిమాణమును బట్టియు, అవి ఒకదానితోనొకటి కలిసియున్న తీరును బట్టియు ఆ కాలము మాఱునని చూపిరి. పెనవేసికొన్న గ్రాఫైటు చాలసేపు మ్రోగును. సన్నని చెదురురేణువులు త్వరగ సద్దణగును. ఎల్లచోటుల ఈ భేదము స్పష్టముగ నుండదు గాని, లేనిదానికంటె మేలు.

మా వృత్తిధర్మముగ ప్రతిపక్షపు వాదమును చెప్పవలెను. ఉప్పు బాగుగ పట్టిన బంకమన్ను నాదమును కోల్పోవును. అచ్చమైన బంకకంటె, బంక కొంచెము కలిసిన ఇసుకయే ఒక్కొక్కప్పుడు హెచ్చుగ మ్రోగును. కనుక రెండవ సాక్షితోనే తీర్పు చెప్పరాదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థవారు గోదావరి డెల్టాను పరిశీలించి 2011లో ప్రకటించిన వ్యాసమున విద్యుత్పరీక్షతో తృప్తిపడక, నీటి రసాయనములను గూడ పరీక్షించిరి. అరచేత కొబ్బరికాయ నిలిపి జలము చూచువారిని మేము నిందింపము. వారికి చెల్లించు సొమ్ములో కొంత ఈ పరీక్షకు మిగిల్చిన చాలును.

2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము క్రొత్త బావులను నియంత్రించుచున్నది. కాని అడుగున ఏ పొరను పొడుచుచున్నామో మనకు మనమే విచారించుకొనవలెను. బోరు వేయువానితో ఒప్పందము వ్రాయునపుడు, నిరోధపు పట్టికతోబాటు క్షీణించు రేఖను, బోరునుండి తీసిన మట్టి నమూనాలను పంచాయతీకి అప్పగింపవలెనని యొక వాక్యము చేర్పుడు. ఆ వాక్యమును మేము ఉచితముగ వ్రాసి యిత్తుము.

ఇక పరీక్షాస్థలము. ఇనుపకమ్మి తానే ధ్రువణము పొంది కొలతను చెఱచును గనుక, ఒత్తిడి కొలుచుచోట మైలుతుత్తపు ద్రావకము పోసి, రాగికడ్డీ యుంచిన సచ్ఛిద్రపు మట్టిపాత్రలను వాడుదురు. విద్యుత్తీగలు, ఇనుపగొట్టములు, కంచెలు సమీపమున నుండరాదు. కావున కోవెల వీథి పనికిరాదు. ఊరిపొలిమేర చేనిగట్టు కావలెను. కోతలైన పిదప తమ గట్టుమీద కమ్ములు నాటనిచ్చు రైతులు ఇద్దరు ముగ్గురు సభానంతరము మాతో చెప్పవలెనని వేడుచున్నాము.